మన పిల్లలను విదేశాలకు పంపే ముందు: తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

తెలుగు సంఘాల బిషప్పులకు, అధ్యక్షులకు, కాపరులకు, మిషను కమిటీల సభ్యులకు, స్త్రీల సమాజాల నాయకురాళ్లకు,

ప్రభువు నామమున వందనాలు.

పోయిన వేసవిలో మా పట్టణంలో జరిగిన యౌవనస్థుల కూడికలకు చివరి రోజు రాత్రి నేనూ వెళ్లాను. వాక్యం చెప్పిన సేవకుడు ముగింపులో, విదేశాల్లో సువార్త సేవకు తమను తాము సమర్పించుకునేవాళ్లు లేచి నిలబడాలని పిలుపునిచ్చారు. నా ముందు వరుసలోని అమ్మాయి లేచింది. ఇరవై ఏళ్లుంటాయేమో. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, బైబిలు పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. ఆమె వెనకే నిలబడి ఆమె కోసం ప్రార్థించాను. ఇంటికి వచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ కన్నీళ్లు నిజమైనవి, ఆ పిలుపూ నిజమైనదే కావచ్చు. లేచి నిలబడినందుకు మనం ఆమెకు ఏమి ఇస్తామో నాకు తెలుసు: మూడు నెలల కోర్సు, ఒక శాలువా, వేదిక మీద చేతులుంచి ప్రార్థన, రైల్వేస్టేషన్లో ఒక ఫొటో. ఆ తర్వాత ఆమె దారి ఆమెది.

1991లో నేనూ అలాగే లేచి నిలబడ్డాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మిషను ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకుని మూడేళ్లు పనిచేశాను. నన్ను టాంజానియాకు పంపారు. విక్టోరియా సరస్సు ఒడ్డున మ్వాంజా అనే పట్టణం ఉంది, దానికి కొంత దూరంలో అక్కడి సంఘం నడిపే చిన్న ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు పనిచేశాను. నన్ను పంపిన సంస్థ పేరు ఇక్కడ రాయను. ఆనాటి పెద్దల్లో చాలామంది ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. వాళ్లు నన్ను ప్రేమించారు, నాకోసం ఉపవాసముండి ప్రార్థించారు. తెలియక చేసినవే చేశారు. ఇప్పుడు మీకు తెలియజేయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

పంపే ముందు నాకిచ్చిన శిక్షణ పది వారాలు. తెల్లవారుజామున ప్రార్థన, తర్వాత బైబిలు పాఠాలు, సాక్ష్యం చెప్పే పద్ధతి, ప్రసంగం తయారు చేసుకునే పద్ధతి, పిల్లలకు కథలు చెప్పే పద్ధతి, పాటలు. అన్నీ నోటికి పాఠాలే, చెవికి ఒక్కటీ లేదు. స్వాహిలీ ఒక్క ముక్క నేర్పలేదు. ఆఫ్రికాలో ఇంగ్లీషుతో సరిపోతుందని చెప్పారు, నేను నమ్మాను.

వెళ్లిన ఆరో నెలలో జరిగిన సంగతి చెబుతాను. ఇన్నేళ్లలో దీన్ని ఏ సాక్ష్యంలోనూ చెప్పలేదు. అప్పటికి స్వాహిలీలో అంకెలు, రోజులు, మందుల మాటలు వచ్చాయని ధైర్యం కలిగింది. ఒకరోజు ఉదయం మలేరియా జ్వరంతో ఉన్న రెండేళ్ల బాబును తల్లి తీసుకొచ్చింది. మొదటి మోతాదు మందు నేనే పట్టించాను. రెండో మోతాదు మధ్యాహ్నం రెండు గంటలకు ఇవ్వాలి. ఆమె ఆసుపత్రి పక్కనే చుట్టాలింట్లో ఉంటానంది. "సా మ్బిలి"కి మళ్లీ తీసుకురా అని చెప్పాను. "సా" అంటే గంట, "మ్బిలి" అంటే రెండు. ఆమె తల ఊపి వెళ్లింది. రెండయింది, మూడయింది, ఆమె రాలేదు. వీళ్లకు మందుల విలువ తెలియదు అని మనసులో విసుక్కున్నాను. రాత్రి ఎనిమిదింటికి ఆమె సరిగ్గా చెప్పిన వేళకే వచ్చింది. అప్పటికి బాబుకు మూర్ఛ మొదలైంది.

స్వాహిలీ మాట్లాడేవాళ్లు గంటలను సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మన ఉదయం ఏడు వాళ్లకు ఒకటో గంట. పొద్దు గుంకాక మళ్లీ ఒకటి నుంచి మొదలు. అంటే "సా మ్బిలి" మన ఎనిమిది గంటలు. మధ్యాహ్నం రెండింటికి రమ్మనాలంటే "సా నానె", ఎనిమిదో గంట, అని చెప్పాలి. ఆ తల్లి నా మాటను అక్షరాలా పాటించింది. తప్పు నాది. ఆ రాత్రి పనిలో ఉన్న టాంజానియా నర్సు చురుకైన మనిషి కాబట్టి, దేవుడు దయ చూపాడు కాబట్టి బాబు బతికాడు. తెల్లారాక ఆ నర్సు నన్ను కోప్పడలేదు. స్వాహిలీ బైబిలు తెచ్చి మత్తయి సువార్తలో సిలువ దగ్గర చీకటి కమ్మిన వచనం చూపించింది. "సా సిత" నుంచి "సా తిస" వరకు, ఆరో గంట నుంచి తొమ్మిదో గంట వరకు చీకటి కమ్మిందని ఉంది. మన తెలుగు బైబిలులో అక్కడ మధ్యాహ్నము మొదలుకొని మూడు గంటల వరకు అని ఉంటుంది. మన అనువాదకులు మనకు సులువుగా ఉండాలని గంటలను మన గడియారానికి మార్చి రాశారు. యేసు కాలపు గడియారమూ మ్వాంజా గడియారమూ ఒకటేనని, బడిపాఠంలాగా బైబిలు చదివి వచ్చిన నాకు ఆ వార్డులో ఆమె నేర్పింది.

పెద్దలారా, ఆ బాబు చనిపోయి ఉంటే మన సంఘ పత్రికలో ఆ వార్త వచ్చేది కాదు. నేను పంపే నెలవారీ ఉత్తరంలోనూ వచ్చేది కాదు. భాష రాకుండా పంపిన మిషనరీ చేసే నష్టం పంపినవాళ్లకు ఎప్పుడూ కనిపించదు. అది అక్కడివాళ్ల ఇళ్లలోనే ఉండిపోతుంది.

మనకు సువార్త తెచ్చినవాళ్ల చరిత్రనే ఒకసారి చూడండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. వాళ్లు ముందు పెట్టుకున్న పని తెలుగు నేర్చుకోవడం. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి పక్కన కూర్చుని నేర్పితే సువార్తల అనువాదం సాగింది. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. తెలుగులో మూడు సువార్తలు బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయి వచ్చింది 1812లో. తమ పని అచ్చులో చూసుకోకుండానే ఇద్దరూ పోయారు. ఈ కథను మనం వాళ్ల త్యాగానికి గుర్తుగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి. ఉన్న కొద్ది ఏళ్లలో ఎక్కువ భాగం వాళ్లు విద్యార్థులుగా గడిపారన్న సంగతి మాత్రం వదిలేస్తాం.

గుంటూరువాళ్లకు అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ అయ్యగారి పేరు తెలియనిది కాదు. 1842లో గుంటూరు వచ్చేనాటికే ఆయన వయసు యాభైకి దగ్గర పడింది. కొన్నేళ్లు పనిచేశాక ఈ ప్రజలకు ప్రసంగంతో పాటు వైద్యం కావాలని ఆయనకు అర్థమైంది. అమెరికా తిరిగి వెళ్లి, యాభై దాటిన వయసులో చిన్నవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని వైద్యం చదివి, 1847లో పట్టా తీసుకుని మళ్లీ వచ్చారు. వచ్చి చూసి, తనకు ఏమి రాదో తెలుసుకుని, దాన్ని నేర్చుకోవడానికి వెనక్కి వెళ్లిన మనిషి. మన పిల్లల్లో ఎవరైనా మొదటి ఏడాది తర్వాత తిరిగి వచ్చి, నాకింకా చదువు కావాలి అంటే మన కమిటీలు ఏమంటాయి? పిలుపు లేని మనిషి అంటాయి. నేను విన్నాను.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. మా వార్డులో ఊడ్చి తుడిచే ఒక పెద్దావిడ ఉండేది. అక్కడ చిన్నవాళ్లు పెద్దవాళ్లను "షికమో" అని పలకరించాలి. పాదాలు పట్టుకుంటున్నాను అని దాని అర్థం. పెద్దవాళ్లు "మరహబ" అని బదులు పలుకుతారు. డాక్టరుతో సహా చిన్నవాళ్లంతా పొద్దున్నే ఆ పెద్దావిడకు "షికమో" చెప్పి పనిలోకి వెళ్లేవాళ్లు. నేను చెప్పేదాన్ని కాదు. ఆ మాట నాకు తెలుసు, డాక్టర్ల తల్లిదండ్రులు వస్తే చెప్పేదాన్ని. ఊడ్చే మనిషికి నమస్కారం పెట్టాలని నాకు తట్టలేదు. నేను పెరిగిన ఊళ్లో, చదివిన ఆసుపత్రిలో ఎవరూ పెట్టరు. రెండు నెలలు చూసి, ఆ టాంజానియా నర్సే నన్ను పక్కకు పిలిచి అడిగింది: ఆమె నీకు ఏమి అపకారం చేసింది?

మా నాయనమ్మ ఊరి పెద్ద రైతు వాకిలి ఊడ్చి, గొడ్ల చావిడి శుభ్రం చేసి మా నాన్నను చదివించింది. ఆమెను ఆ ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలిచినవాళ్లు కారు. వాళ్ల గ్లాసు ముట్టుకోనిచ్చేవాళ్లు కారు. ఆ మనవరాలిని నేను. సువార్త తీసుకుని సముద్రం దాటాను, ఆ వాకిలి అలవాటునూ వెంట తీసుకెళ్లాను. మన సంఘాల్లో కులం ఉందని మీకు నేను చెప్పాల్సిన పని లేదు. సమాధుల తోటల్లో ఉంది, పెళ్లి సంబంధాల్లో ఉంది, సంఘ ఎన్నికల్లో ఉంది. దాన్ని ఒప్పుకోకుండా, కడుక్కోకుండా మన పిల్లలను ఆఫ్రికాకు పంపితే వాళ్లు అక్కడ కులం పోయి రంగు పట్టుకుంటారు. ఇక్కడ నల్లగా ఉన్నావని మాటలు పడిన పిల్లలే అక్కడి మనుషుల గురించి తెలుగులో ఎలాంటి మాటలు వాడతారో నేను నా చెవులతో విన్నాను. తెలుగు వాళ్లకు అర్థం కాదనుకుంటారు. ముఖం అందరికీ అర్థమవుతుంది.

శిక్షణ పాఠాల్లో మొదటి నెల దీనికి ఇవ్వండి. పిల్లలను ఒకరి ఇంట్లో ఒకరిని, ఎవరు ఎవరింట్లో ఇంతవరకు తినలేదో చూసి, అలా ఉంచండి. కలిసి వండుకోనివ్వండి, గిన్నెలు తోమనివ్వండి, మరుగుదొడ్లు వంతుల వారీగా కడగనివ్వండి. బోధకుల వంతు కూడా ఉండాలి. ఈ నెల దాటలేని వాళ్లను ఎంత బాగా ప్రసంగించినా పంపకండి.

అబద్ధం సంగతి కూడా మాట్లాడాలి. రెండేళ్ల క్రితం మా బంధువుల కుర్రవాడొకణ్ణి నేపాల్ పంపారు. పంపేవాళ్లు వాడికి చివరి రోజు చెప్పిన పాఠం ఇది: పోలీసులు అడిగితే విహారయాత్రకు వచ్చానని చెప్పు. నేపాల్ వెళ్లడానికి మనకు వీసా అక్కర్లేదు కనుక అది సులువైన మిషను దేశమని అనుకుంటాం. 2015 నాటి ఆ దేశ రాజ్యాంగం మరొకరి మతం మార్చడాన్ని నిషేధించింది. 2018లో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం దానికి అయిదేళ్ల వరకు జైలు. విదేశీయుడైతే శిక్ష అనుభవించాక దేశం నుంచి పంపించివేస్తారు. ఆ చట్టం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, నాకు దాని మీద గట్టి అభిప్రాయమే ఉంది. వెళ్లేవాడికి ఆ చట్టం చదివి వినిపించకపోవడం మాత్రం పాపం. వాడికి ఎవరూ వినిపించలేదు. నాలుగు నెలలకు భయపడి తిరిగొచ్చాడు. వాడిని ఇంట్లో పెట్టుకున్న నేపాలీ కుటుంబానికి ఆ తర్వాత ఏమైందో వాడికీ తెలియదు, పంపినవాళ్లకూ తెలియదు. నేనే సత్యమును అని చెప్పిన ప్రభువును ప్రకటించడానికి వెళ్లే పిల్లవాడి నోట మొదటి మాటగా అబద్ధం పెట్టే అధికారం మనకు ఎవరిచ్చారు?

2018 నవంబరులో అండమాన్‌లోని ఉత్తర సెంటినెల్ దీవికి సువార్త చెప్పడానికి వెళ్లి, అక్కడి తెగవాళ్ల చేతుల్లో చనిపోయిన జాన్ అలెన్ చౌ గుర్తున్నాడా? ఇరవై ఆరేళ్ల అమెరికా యువకుడు. అతడు శిక్షణ లేకుండా వెళ్లలేదు. ఉత్తుత్తి గ్రామం కట్టి, ఈటెలు పట్టిన మనుషులుగా నటించేవాళ్లను ఎదురుగా నిలబెట్టి అతడికి తర్ఫీదు ఇచ్చారు. భాషాశాస్త్రం చదివాడు, టీకాలు వేయించుకున్నాడు. ఆ దీవిలోకి ఎవరూ వెళ్లకూడదన్న మన దేశ చట్టాన్ని పాటించాలని, మన జలుబు కూడా ఆ చిన్న తెగకు ప్రాణాంతకం కావచ్చని, ఆ ఒక్క పాఠం ముందు మిగిలిన పాఠాలన్నీ ఆగిపోవాలని అతడికి చెప్పగలిగే పెద్ద దిక్కు లేకపోయింది. అతడి ప్రేమను నేను శంకించను. అతడి తల్లిని తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అతడిని పడవలో తీసుకెళ్లిన జాలరులు, సాయం చేసినవాళ్లు కలిసి ఏడుగురు అరెస్టయ్యారు. వాళ్ల పేర్లు ఏ మిషను కూడికలోనూ వినలేదు. నేపాల్‌లోని ఆ కుటుంబం లాగానే వాళ్లు కూడా మన లెక్కల్లో లేరు.

లెక్కల్లో లేని మరో సంగతి ఉంది. మన ప్రసంగాల్లో ఇప్పటికీ ఆఫ్రికా అంటే చీకటి ఖండం. టాంజానియా లూథరన్ సంఘం ప్రపంచంలోని లూథరన్ సంఘాల్లో అతిపెద్ద వాటిలో ఒకటి. ఆదివారం ఆరాధనకు నేను వెళ్లిన పల్లె మందిరంలో కూర్చోవడానికి చోటుండేది కాదు. అక్కడి గాయక బృందాల ముందు మన పాటలు వెలవెలబోతాయి. వాళ్లకు నర్సులు కావాలి, ఉపాధ్యాయులు కావాలి, నీటిపంపులు బాగుచేసేవాళ్లు కావాలి. వాళ్ల కింద పనిచేసే మనుషులు కావాలి. వేదికలెక్కి వాళ్లకు యేసును పరిచయం చేసేవాళ్లు అక్కర్లేదు. అక్కడి సంఘం ఉత్తరం రాసి, ఈ పనికి ఈ నైపుణ్యం ఉన్న మనిషి కావాలని అడిగితేనే పంపుదామని ఒక నియమం పెట్టుకోండి. అడగనిచోటికి వెళ్లకూడదని చిన్నప్పుడు మన అమ్మలు చెప్పిన మాటే.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు మన తెలుగువాళ్లు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ తోటలకు వెళ్తూ వచ్చారు. వాళ్లలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల బాప్తిస్టు విశ్వాసులు ఉండేవాళ్లు. వాళ్లకు కాపరి కావలసి వచ్చింది. తెలుగు బాప్తిస్టుల హోం మిషను 1903లో జాన్ రంగయ్యను భార్యాపిల్లలతో సహా పంపింది. 1878లో వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కరోజున బాప్తిస్మం తీసుకున్న సంఘం, పాతికేళ్లకే తన మనిషిని తన కానుకలతో సముద్రం దాటించింది. రంగయ్య కూలీల మధ్య, తేయాకు తోటల మధ్య పన్నెండేళ్లు ఉండి అక్కడే 1915లో కన్నుమూశారు. మన సండే స్కూలు పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? పాశ్చాత్య మిషనరీల జీవిత చరిత్రలు కంఠతా చెప్పే పిల్లలకు ఆయన తెలియదు. ఆయన గురించి చెప్పడం మొదలుపెట్టండి.

ఈనాటి నాటాల్ కువైట్. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లిన మన ఆడవాళ్లు శుక్రవారం సెలవు దొరికితే కువైట్ నగరంలో తెలుగు ఆరాధనకు చేరతారు. సెలవు దొరకని వాళ్లు వంటగదిలో ఫోనులో పాట విని ప్రార్థించుకుంటారు. వాళ్లను ఎవరూ పంపలేదు, వాళ్ల మీద ఎవరూ చేతులుంచలేదు. ఒప్పంద పత్రంలో ఏముందో, జీతం ఇవ్వకపోతే రాయబార కార్యాలయంలో ఎవరిని కలవాలో, పాస్‌పోర్టు యజమాని లాక్కుంటే ఏమి చేయాలో, ఆ దేశంలో మతం గురించి ఎంతవరకు మాట్లాడవచ్చో వాళ్లకు నేర్పే రెండు రోజుల తరగతి ఏ పట్టణంలోనైనా ఏ సంఘమైనా పెట్టవచ్చు. యౌవనస్థుల కోర్సుకు పెట్టే ఖర్చులో పదో వంతు చాలు. దీని గురించి ఇంకా చాలా రాయాలి, మరోసారి రాస్తాను.

ఇప్పుడు డబ్బు. గోపురం కట్టదలచినవాడు కూర్చుని ముందు తగులుబడి లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగాడు. మన కమిటీలు నిలబడే తీర్మానం చేస్తాయి. నాకు మొదటి ఏడాది ప్రతి నెలా కానుక వచ్చింది. రెండో ఏడాది రెండు నెలలకోసారి. మూడో ఏడాది చివర్లో ఆగిపోయింది. కారణం చెప్పే ఉత్తరం కూడా రాలేదు. ఇక్కడ కమిటీ మారిందట, కొత్తవాళ్లకు నా సంగతి తెలియదట. ఆ తర్వాతి ఆరేళ్లు అక్కడి ఆసుపత్రి తన నర్సులకు ఇచ్చే జీతమే నాకూ ఇచ్చింది. పేద దేశపు పేద సంఘం నన్ను పోషించింది, మన మిషను నివేదికల్లో మాత్రం నా పేరు మన ఖాతాలోనే ఉంది.

1996 మే 21న బుకోబా నుంచి వస్తున్న ఓడ మ్వాంజా దగ్గర సరస్సులో బోల్తాపడింది. వందలమంది మునిగిపోయారు. మా ఆసుపత్రిలో పనిచేసేవాళ్లలో ఇంటి మనిషిని పోగొట్టుకోనివాళ్లు తక్కువ. ఆ వారమంతా ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్ల పక్కన చాప మీద కూర్చున్నాను. అప్పటికి నాకు స్వాహిలీ బాగానే వచ్చు, ఆ ప్రాంతపు సుకుమా భాష కూడా కొంత వచ్చు. అయినా "పోలె" అన్న ఒక్క మాటే పలికాను. కాలు జారి పడ్డవాళ్లకు, జ్వరం వచ్చినవాళ్లకు, బిడ్డ పోయినవాళ్లకు అందరికీ అదే మాట చెబుతారు. నీ బాధ నాకు తెలుస్తోంది అని. ఆ ఏడాదే నవంబరులో మా నాన్న చనిపోయారని టెలిగ్రాం వచ్చింది. అది చేరేసరికే మట్టి చేసి నాలుగు రోజులైంది. ఇంటికి రావడానికి విమానం డబ్బు లేదు, అడగడానికి మనిషి లేడు. సాయంత్రం అయ్యేసరికి నా గది నిండా ఆడవాళ్లు చాపలు పరుచుకుని కూర్చున్నారు. మొక్కజొన్న పిండి తెచ్చారు, వండారు, ఎవరూ ప్రసంగించలేదు. వార్డు ఊడ్చే ఆ పెద్దావిడ రాత్రంతా నా చెయ్యి పట్టుకుని "పోలె" అంటూనే ఉంది.

1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో అజరయ్య అయ్యగారు పాశ్చాత్య మిషనరీలను అడిగింది ఇదే: మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి. తమిళనాడులో పుట్టి, తెలుగు నేర్చుకుని, నైజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, 1912లో బిషప్పయి, మన మధ్యే మట్టిలో కలిసిన మనిషి ఆయన. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆ రాత్రి గది నిండిన చాపలు గుర్తొస్తాయి. నేను వాళ్లకు స్నేహితురాలినయ్యానో లేదో వాళ్లు చెప్పాలి. వాళ్లు నాకయ్యారు.

2000లో తిరిగి వచ్చాను. ముప్పై మూడేళ్లు. పెళ్లి వయసు దాటిందని ఊళ్లో అన్నారు, ఆఫ్రికాలో ఉండొచ్చిందని గుసగుసలాడారు. సంఘంలో ఒక ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు, పదిహేను నిమిషాలు. ఎంతమందికి బాప్తిస్మం ఇప్పించావని ఒక పెద్దాయన అడిగారు. ప్రైవేటు నర్సింగ్ హోముల్లో ఇరవై రెండేళ్లు పనిచేసి ఈ మధ్యే మానేశాను. ఆ తొమ్మిదేళ్లకు భవిష్యనిధి లేదు, పింఛను లేదు. నాకు అవసరం లేదు, తమ్ముడి పిల్లలు చూసుకుంటున్నారు. నా ముందు వరుసలో నిలబడిన ఆ అమ్మాయికి తమ్ముడు ఉన్నాడో లేదో నాకు తెలియదు.

మిజోరం సంఘాలను చూడండి. వందేళ్లకు పైగా అక్కడి ఆడవాళ్లు పూటపూటా వంటకు తీసిన బియ్యంలోంచి పిడికెడు పక్కకు తీసి సంఘానికి ఇస్తున్నారు. ఆ బియ్యం డబ్బుతో మిషనరీలను పంపుతున్నారు. మా అమ్మ కూడా పిడికెడు బియ్యం తీసేది, మీ అమ్మలూ తీసి ఉంటారు. ఇవ్వడం మనవాళ్లకు చేతకాక కాదు. ఇచ్చింది ఎక్కడికి పోతోందో ఎవరూ చెప్పక ఆ కుండలు అటకెక్కాయి. ఒక మనిషిని పంపే ముందు ఆ మనిషి పేరిట అయిదేళ్ల జీతం, ఆరోగ్య బీమా, రెండుసార్లు ఇంటికి వచ్చిపోయే ఖర్చు, పింఛనుకు నెలనెలా జమ, ఇంట్లో ముసలి తల్లిదండ్రులుంటే వాళ్లకు కొంత, ఇవన్నీ బ్యాంకులో వేయండి. కమిటీ మారినా కదలని ఖాతాలో వేయండి. అంత డబ్బు లేకపోతే పదిమంది బదులు ఒక్కరిని పంపండి. వెళ్లిన మొదటి రెండేళ్లు ఆ ఒక్కరితో ప్రసంగం చేయించకండి, నివేదిక అడగకండి, పిల్లలతో దిగిన ఫొటోలు అడగకండి. భాష నేర్చుకోనివ్వండి, అక్కడి సంఘపు పెద్దల మాట విననివ్వండి.

కొందరు మధ్యలో తిరిగి వస్తారు. మార్కు అనే యోహాను పెర్గేలో పౌలును విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్లాడు. పౌలు అతడిని మళ్లీ వెంట తీసుకెళ్లనన్నాడు, బర్నబా తీసుకెళ్లాడు. చివరికి చెరసాలలో ఉన్న పౌలే, మార్కును వెంటబెట్టుకుని రా, అతడు నాకు ప్రయోజనకరమైనవాడు అని తిమోతికి రాశాడు. నేపాల్ నుంచి తిరిగొచ్చిన మా కుర్రవాడు అప్పటి నుంచీ ఆరాధనకు రావడం లేదు. వాడి దగ్గరికి వెళ్లే బర్నబా మన సంఘాల్లో ఎవరు? కాపరులకు ఇది నా విన్నపం. ఈ వారమే వెళ్లండి, ఉపదేశం చేయకుండా అరగంట కూర్చోండి.

ఇంకొక మాట. మిషను కమిటీల్లో పంపే నిర్ణయం తీసుకునే వరుసలో ఆడవాళ్లు ఉన్నారా? వెళ్లేవాళ్లలో సగం వాళ్లే. వెళ్లి తిరిగొచ్చిన వాళ్లలో ఒక్కరైనా ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. మాకు ఎదురైన కష్టాల్లో కొన్ని మగవాళ్లతో చెప్పుకోలేక మింగినవి. వాటికి మందు, టీకా, ఒక ఫోను నంబరు ముందే ఉండి ఉంటే మింగే పని ఉండేది కాదు.

రాబోయే మహాసభల్లో ఈ విషయాన్ని చర్చకు పెట్టమని మిమ్మల్ని అడుగుతున్నాను. పిలిస్తే వస్తాను, ప్రయాణ ఖర్చులు నావే. నా దగ్గర తొమ్మిదేళ్లు రాసిన పదకొండు నోటు పుస్తకాలున్నాయి. వాటిలో స్వాహిలీ మాటలు, సుకుమా మాటలు, మందుల కొలతలు, నేను చేసిన తప్పులు తారీఖులతో సహా ఉన్నాయి. టాంజానియాకో కెన్యాకో వెళ్లదలచిన పిల్లలెవరైనా ఉంటే మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. ఆరు నెలలు ఉండి భాష నేర్చుకోవచ్చు, డబ్బు అక్కర్లేదు. ఆ రాత్రి నా ముందు నిలబడిన అమ్మాయి ఏ సంఘం నుంచి వచ్చిందో మీలో ఎవరికైనా తెలిస్తే, ఈ లేఖ ఆమెకు చూపించండి.

ప్రభువునందు మీ సహోదరి,
టాంజానియాలో పనిచేసి వచ్చిన ఒక నర్సు